లాండ్రీ వెనకాల హాస్టల్

ఆ పిల్ల గొంతు నేను మొదటిసారి విన్నది స్కూలు ఆఫీసు గదిలో. ఉతికిన కర్టెన్లు అప్పజెప్పి, సంతకం కోసం గోడవార బెంచీ మీద కూర్చున్నాను. బల్లకు అటు గుమాస్తా, ఇటు ఆ పిల్ల. పదహారేళ్ళు ఉంటాయేమో. యూనిఫారం అంచు మడత విప్పి పొడుగు చేసిన గీత దూరానికే కనిపిస్తోంది. ఆఖరి పరీక్షకు దరఖాస్తులు తీసుకుంటున్నారు.

"ఇంటి అడ్రసు చెప్పమంటే గుడ్లప్పగించి చూస్తావేంటమ్మా?"

"లేదు సార్."

"ఏం లేదు?"

"అడ్రసు."

"అడ్రసు లేకపోవడం ఏంటి? ఆకాశం నుంచి ఊడిపడ్డావా?"

"ఇల్లు కూలగొట్టేశారు సార్. ఇల్లే పోయాక అడ్రసు ఎక్కడుంటుంది?"

"ఆ కథలన్నీ నాకొద్దు. ఆ గడి ఖాళీగా ఉంటే పైవాళ్ళు తిప్పికొడతారు. మాట పడేది నేను. ముందు ఇల్లు చూసుకో, తర్వాత రా."

"శుక్రవారంతో గడువు అయిపోతుంది సార్. ఆలోపు ఇల్లు దొరుకుతుందా? మీకు దొరికిందా అంత తొందరగా?"

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. గుమాస్తా చెవులు ఎర్రబడ్డాయి.

"నోరు బాగా లేస్తోందే!"

"అసలు అడ్రసు దేనికి సార్?"

"హాల్ టికెట్ పోస్టులో రావద్దూ?"

"ఎదురుగానే ఉన్నానుగా. చేతికివ్వండి."

"రూలు ఒప్పుకోదు."

"పరీక్ష నేను రాస్తానా, మా ఇల్లు రాస్తుందా?"

గుమాస్తా కలం కింద పెట్టాడు. ఇంకొకరైతే అక్కడ ఏడ్చేసేవాళ్ళు, లేదా ఇంకో మాట ఎక్కువ అని చెడగొట్టుకునేవాళ్ళు. ఈ పిల్ల గొంతు తగ్గించింది.

"స్కూలు అడ్రసే రాయండి సార్. గేటు తీసిన దగ్గర్నుంచి వేసేదాకా నేనుండేది ఇక్కడే. మనిషి ఎక్కువసేపు ఎక్కడుంటే అదే కదా అడ్రసు? ఆ లెక్కన మీదీ ఇదే."

"నాదేంటి మధ్యలో?"

"మొన్న మీ ఆవిడగారు వచ్చి అదేగా అడిగారు, అసలు ఇంటికి వచ్చే ఉద్దేశం ఉందా అని."

ఈసారి వరండాలో నవ్వు గట్టిగానే వినిపించింది. గుమాస్తా కూడా నవ్వాపుకోలేకపోయాడు. "పో తల్లీ, నా ప్రాణం తియ్యకు," అంటూ స్కూలు అడ్రసు రాసి ముద్ర గుద్దాడు.

ఆ యూనిఫారాన్ని నేను ముందు గుర్తుపట్టాను, మొహాన్ని తర్వాత. లాండ్రీ నడిపేవాళ్ళకు అంతే, మనుషులు బట్టల్ని బట్టి గుర్తుంటారు. శనివారం మధ్యాహ్నం ఒక్క జత తెచ్చిచ్చి, అది ఉతికి ఆరేదాకా మా మెట్టు మీద పుస్తకం పట్టుకుని కూర్చునే పిల్ల. ఒక్క జత కోసం ఎవరూ కూర్చోరు. ఇంటికెళ్ళి సాయంత్రం వస్తారు. ఎందుకు కూర్చుంటోందో నేనెప్పుడూ అడగలేదు. లాండ్రీలో అడగాల్సింది మరక దేనిదని ఒక్కటే.

గేటు దాటాక మాత్రం అడిగాను.

"ఎక్కడ పడుకుంటున్నావే?"

"బస్టాండులో. ఆడవాళ్ళ వెయిటింగ్ రూం ఉంది అమ్మమ్మగారూ. ఫ్యాను తిరుగుతుంది. బాత్రూం పక్కనే." అద్దెకు గది చూపించే మనిషిలా చెప్పింది.

"అమ్మమ్మేంటి? నా కడుపున ఎవరూ పుట్టలేదు."

"మరి ఏమని పిలవను?"

అమ్మమ్మ పిలుపే ఖాయమైపోయింది.

దాని కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఒక్కసారిగా కూర్చుని చెప్పుకునే రకం కాదు. తల్లి ఒక పెద్ద ఆఫీసు భవనంలో మెట్లు కడిగేది. తాను తడిపిన మెట్టు మీద తానే జారిపడింది. తుంటి ఎముక విరిగింది, లోపల కడ్డీ వేశారు. చేతికర్రతో నాలుగడుగులు వేయగలదు, బకెట్ ఎత్తలేదు. తండ్రి, ఈ పిల్ల నడక నేర్చేలోపే పని వెతుక్కుంటూ వేరే ఊరు పోయి అక్కడే ఉండిపోయాడు. వాళ్ళుండే వరస ఇళ్ళను యజమాని అమ్మేస్తే, కొన్నవాళ్ళు కూలగొట్టారు. గోడలు పడిన రోజు ఈ పిల్ల లెక్కల పరీక్ష రాసి వచ్చిందట. సామాను రోడ్డు మీద ఉంది, తల్లి ఆ సామానులోనే ఉన్న కుర్చీలో కూర్చుని ఉంది.

తల్లికి అక్క ఉంది, అంటే ఈ పిల్లకు పెద్దమ్మ. దూరపు ఊళ్ళో ఆవిడ భర్తకు సీసాలు అట్టపెట్టెల్లో సర్ది పంపే షెడ్డు ఉంది. ఆవిడ వచ్చి, "ఇద్దరూ పదండి. నువ్వు ఓ మూల కుదురుగా కూర్చో, పిల్ల షెడ్డులో చెయ్యేస్తుంది," అంది. ఆమె చెడ్డదేమీ కాదు, ఉన్నమాట చెప్పింది. కానీ షెడ్డులో చెయ్యేసిన పిల్లలు మళ్ళీ ఆ చేతిని పుస్తకానికి తెచ్చుకోవడం నేను చూడలేదు. ఈ పిల్లా చూడలేదు. రానంది. ఇది రాకపోతే తాను కదలనని తల్లి భీష్మించుకుంది. నడవలేని మనిషిని రోడ్డు మీద పెట్టుకుని చదవడం అయ్యే పని కాదు. అప్పుడు ఈ పిల్ల అంది:

"నాకు హాస్టల్లో సీటొచ్చిందమ్మా."

సీటు అడిగిన మాట నిజం. రాలేదన్నది మింగేసింది. సీటు అనే మాటకున్న మహిమ అలాంటిది, వచ్చిందంటే తల్లులు ఇంకేమీ అడగరు. తల్లి మొహం తేటపడింది. అక్క వెంట బస్సెక్కింది. ఆ బస్సు కదిలిన బస్టాండులోనే ఈ పిల్ల ఉండిపోయింది.

కాబట్టి దానికి పట్టుకున్న భయం ఒక్కటే. హాస్టల్ లేదని తల్లికి తెలియకూడదు. తెలిస్తే ఆ మనిషి కర్ర పట్టుకుని తిరిగొస్తుంది, వస్తే ఇద్దరూ రోడ్డు మీదే, చదువు అక్కడితో సరి. ఆకలి గురించి, చలి గురించి ఆ పిల్ల నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. "అమ్మకు తెలిసిపోతుందేమో" అని మాత్రం పదేపదే అనేది.

"మా వెనక గదిలో ఉతికిన దుప్పట్ల మూటలుంటాయి. వాటి మీద పడుకో," అన్నాను. "పొద్దున్నే షట్టరు తియ్యాలి, సాయంత్రం మడతలు పెట్టాలి. ఫెయిలైతే మాత్రం నన్ననకు."

"షట్టరు తియ్యడం నాకు రాదు."

"నోరు తియ్యడం వచ్చుగా. ఇదీ అంతే, కింద నుంచి పైకి."

ఆ మూటలు ఏ రోజువి ఆ రోజు వెళ్ళిపోయేవి. ఒక రోజు లాడ్జీ దుప్పట్ల మీద పడుకునేది, ఒక రోజు ఆసుపత్రి దుప్పట్ల మీద. లాడ్జీవే మెత్తగా ఉంటాయని, ఆసుపత్రి వాటికి గంజి ఎక్కువని వారం తిరక్కుండా తేల్చింది. మా షాపులో ఇస్త్రీ చేసే ఆయన ఒకప్పుడు బొగ్గుల పెట్టెతో చేసేవాడు, కరెంటు పెట్టె వచ్చి ఎన్నేళ్ళయినా ఆయన పేరు బొగ్గాయనే. ఆయన పని ముగించాక ఇస్త్రీ బల్ల చాలాసేపు వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చని దుప్పటి మీద పుస్తకం పరిచి, నిలబడే చదివేది. కూర్చోవడానికి మా దగ్గర కుర్చీ ఒకటే ఉంది, అది నాది. పైకి చదవడం దాని అలవాటు. వినీ వినీ బొగ్గాయనకు కూడా అబ్బింది. ఒకరోజు నాతో, "అక్కా, సోడియం కార్బొనేటు అయిపోవచ్చింది," అన్నాడు.

"అదేం రోగం?"

"చాకలి సోడా అక్కా. ఇన్నాళ్ళూ మనకు దాని అసలు పేరు తెలీదు, పాపం."

అంతా బాగానే ఉంది గానీ ఫోను ఒకటి ఏడ్చింది. హాస్టల్ నంబరని ఆ పిల్ల తల్లికి మా షాపు నంబరే ఇచ్చింది. ఆదివారం పొద్దున తల్లి చేసేది. "బాబాయ్, ఆదివారం ఫోనొస్తే హలో హాస్టల్ అనండి," అని బొగ్గాయనకు నేర్పింది. నాకూ చెప్పబోయింది.

"నేను అబద్ధం ఆడను. ఉండండి పిలుస్తా అంటాను. అంతకుమించి నా నోట రాదు," అన్నాను.

"మీరు అంతమాత్రం అంటే చాలు అమ్మమ్మగారూ. మీ గొంతు వింటే ఎవరైనా వార్డెన్ అనే అనుకుంటారు."

బొగ్గాయన మాత్రం హుషారు పట్టలేకపోయాడు. ఆదివారం ఒక్కటే అని చెప్పినా వారమంతా హలో హాస్టల్ అనేవాడు. లాడ్జీ మేనేజరు రెండుసార్లు రాంగ్ నంబరనుకుని పెట్టేసి, మూడోసారి, "మా దుప్పట్లు హాస్టల్లో చేరాయా ఏంటి?" అని నా మీద ఎగిరాడు. వీధిలో అందరూ దాన్ని హాస్టల్ పిల్ల అనడం మొదలుపెట్టారు. అది పట్టించుకోలేదు.

ఒక ఆదివారం పిల్ల సబ్బు కొనడానికి వెళ్ళింది. ఫోను మోగింది. నేను లేచేలోపే బొగ్గాయన అందుకున్నాడు. ఒక చేత ఫోను, ఇంకో చేత ఇస్త్రీ పెట్టె, కళ్ళేమో ఎదుటి మూటల మీద.

"హలో హాస్టల్! ఆ, చెప్పండమ్మా... బయటికెళ్ళింది, వస్తుంది... ఎంతమందా? ఈ వారం నలభై జతలొచ్చాయండీ."

నేను చేతులూపాను. ఆయన చూడలేదు.

"కవలలా? కాదండీ, జతలు... ఆ, అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. ఒక్కదానికే మెడ దగ్గర మరక, ఎంత రుద్దినా పోవట్లేదు... అబ్బే, దెబ్బ తగలలేదండీ. రేపు వేడినీళ్ళలో నానబెడతాం, అప్పటికీ వదలకపోతే ఇక అంతే."

వెళ్ళి ఫోను లాక్కున్నాను. అవతల తల్లి అడుగుతోంది. "పిల్లని నానబెట్టడమేంటండీ?"

"ఉండండి, పిలుస్తా," అన్నాను. ఎవరిని పిలవాలో తెలియక వీధిలోకి చూస్తూ నిలబడ్డాను.

పిల్ల పరుగున వచ్చి అందుకుంది. "అమ్మా, ఆయన కొత్త వాచ్‌మన్. చెవుడు. బట్టల గురించి అడిగావనుకున్నాడు..." అని ఏవేవో చెప్పి సర్దింది. ఫోను పెట్టేశాక బొగ్గాయన వంక చూసింది. ఆయన తల దించుకుని, "నన్ను పిల్లలెంతమంది అని అడుగుతుందని ముందే చెప్పొద్దూ?" అన్నాడు. అది నవ్వలేదు. ఆ రోజంతా పుస్తకం తెరిచింది గానీ పేజీ తిప్పలేదు.

సర్దుకుందనుకున్నాం. సర్దుకోలేదు. తర్వాతి వారం ఒక పొడుగాటి ఆవిడ, భుజాన సంచీతో మా కౌంటరు ముందు నిలబడి, "ఇక్కడ ఆడపిల్లల హాస్టల్ ఎక్కడండీ? ఎవర్నడిగినా మీ షాపే చూపిస్తున్నారు," అంది. వీధివాళ్ళు హాస్టల్ పిల్ల ఉన్న చోటు చూపించారు మరి. నేను జవాబు వెతుక్కునేలోపు పిల్ల చేతుల్లో తడి దుప్పటితో వెనక నుంచి వచ్చింది.

"పెద్దమ్మా!"

పెద్దమ్మ దాన్ని చూసింది, దుప్పటిని చూసింది, నన్ను చూసింది. "మీ అమ్మకు వారం రోజులుగా నిద్ర లేదు. పిల్లల్ని నానబెట్టే హాస్టల్ ఏంటో వెళ్ళి చూసి రమ్మని నా చెవిలో ఒకటే పోరు. ఇదేనా?"

స్కూల్లో గుమాస్తా నోరు మూయించిన పిల్ల ఆ దుప్పటిని ఇంకా గట్టిగా పట్టుకుంది. దుప్పటిలోంచి నీళ్ళు పాదాల మీద కారుతున్నాయి.

"చూపించు," అంది పెద్దమ్మ.

వెనక గదిలోకి తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను, నా గది కాబట్టి. మూటలు, వాటి మీద దుప్పటి. మేకుకు యూనిఫారం. సబ్బు పెట్టె బోర్లించి దాని మీద పుస్తకాలు. పెద్దమ్మ మూటను చేత్తో నొక్కి చూసింది. పుస్తకం ఒకటి తీసి తిరగేసి మళ్ళీ అలాగే పెట్టింది. తలుపు మూసి చూసింది, తీసి చూసింది.

"గడియ లోపలి నుంచి పడుతుందా?"

"పడుతుంది."

"ఈవిడెవరు?"

"షాపు ఈవిడదే. అమ్మమ్మగారు."

"ఏ వైపు అమ్మమ్మ?"

"ఏ వైపూ కాదు," అన్నాను నేను. "దాని నోటి దురుసు వైపు."

పెద్దమ్మ కూర్చోలేదు. "మా షెడ్డులో ఇంతకంటే మంచి మంచం ఇచ్చేదాన్ని," అంది.

"తెలుసు పెద్దమ్మా."

"మరి?"

"మంచమే కదా ఇచ్చేది."

ఆవిడకు కోపం రాలేదు. ఆవిడ మొహం నేను అంతసేపూ చూస్తూనే ఉన్నాను, అందులో ఉన్నదేమిటో ఇప్పటికీ చెప్పలేను. సంచీ భుజానికి ఎత్తుకుంటూ, "నిజం చెబితే మీ అమ్మ రేపే బస్సెక్కుతుంది. నాకు తెలుసు దాని సంగతి. పరీక్షలయ్యేదాకా నా నోట రాదు. ఆ తర్వాత నువ్వే చెప్పుకో. నీ అబద్ధం, నువ్వే దించుకోవాలి," అంది.

మరుసటి ఆదివారం ఫోనులో తల్లి గొంతు తేలిగ్గా ఉంది. హాస్టల్ చాలా శుభ్రంగా ఉందని, ఎక్కడ చూసినా తెల్లటి దుప్పట్లేనని అక్క చెప్పిందట. అందులో ఒక్కటీ అబద్ధం కాదు.

పరీక్షలు రాసింది, పాసైంది. ఏమంత గొప్ప మార్కులు కావు. తల్లికి చెప్పలేదు. "కాలేజీలో చేరాక చెప్తా అమ్మమ్మగారూ," అంది. ఆ ఏడు కోరుకున్న చోట సీటు రాలేదు. ఏడాదంతా మా దగ్గరే మూటలు మోసింది. తల్లికి మాత్రం చేరానని చెప్పింది, అంటే మొదటి అబద్ధం మీద రెండోది పెట్టింది. ఆ పిల్లకు కూడా అది నచ్చలేదని తెలుస్తూనే ఉంది. ఆదివారం వస్తే పొద్దున్నుంచీ చిరాకుగా ఉండేది.

ఆసుపత్రికి దుప్పట్లు చేరవేసే పని కూడా ఆ ఏడే మొదలుపెట్టింది. అక్కడ కారిడారులో అద్దాల గది ఒకటి ఉంది, లోపల రక్తపరీక్షలు చేస్తారు. ఒకరోజు బండి అక్కడ ఆపి చాలాసేపు నిలబడిందని ఆయా నాకు చెప్పింది. ఏం చూశావని అడిగితే, "కూర్చుని చేస్తున్నారు అమ్మమ్మగారూ. ప్రతివాళ్ళకీ ఒక స్టూలు ఉంది," అంది. గొప్ప ఆశయాల మాటలు దాని దగ్గర నేను వినలేదు. తల్లి మెట్ల మీద వంగి చేసింది, ఇది బల్ల ముందు నిలబడి చేసింది. కూర్చుని చేసే పని కావాలనుకుంది. లోపలికెళ్ళి ఆ చదువు పేరేంటి, ఎక్కడ చెబుతారు అని అడిగి వచ్చింది. మరుసటి ఏడు ఆ డిప్లొమాలో సీటొచ్చింది. వచ్చిందని చెప్పినప్పుడు బొగ్గాయన, "ఈసారి నిజం సీటేనా అమ్మడూ?" అన్నాడు. అప్పుడు నవ్వింది.

డిప్లొమా అయ్యేదాకా వెనక గదిలోనే ఉంది. మధ్యలో ఒక పేపరు తప్పి మళ్ళీ రాసింది. మధ్యలో ఒకసారి నాతో దెబ్బలాడి రెండు రోజులు మాట్లాడలేదు, ఇస్త్రీ బల్ల మీద యాసిడ్ సీసా పెట్టొద్దన్నందుకు. తల్లికి చెప్పడం మాత్రం ఎప్పటికప్పుడు ముందుకు జరుగుతూ పోయింది. డిప్లొమా అయ్యాక అంది. ఉద్యోగం వచ్చాక అంది. ఉద్యోగం వచ్చింది, ఊరి అవతల ఉన్న ఇంకో ఆసుపత్రిలో. మొదటి రోజు తెల్ల కోటు మా దగ్గరే ఇస్త్రీ చేయించుకుంది. బొగ్గాయన ఆ కోటును ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

ఇప్పుడు ఆసుపత్రి వెనక నేల అంతస్తులో రెండు గదులు తీసుకుంది. మెట్లు లేవు, తల్లి కోసం వెతికి మరీ తీసుకుంది. సామాను పెద్దగా లేదు. తల్లికి మంచం, తనకు మంచం, ఒక పొయ్యి, కూర్చోవడానికి నాలుగు కుర్చీలు. ఇద్దరికి నాలుగెందుకే అంటే నన్నూ బొగ్గాయననూ మార్చి మార్చి చూసింది.

నిన్న సాయంత్రం షాపుకు వచ్చింది. కౌంటరు తలుపు ఎత్తి లోపలికొచ్చి, మడతలు పెట్టడం మొదలుపెట్టింది. ఏదో అడగడానికి వచ్చినప్పుడు దాని చేతులు ఊరికే ఉండవు.

"అమ్మ వస్తోంది ఆదివారం. ఇక ఇక్కడే ఉంటుంది."

"మంచిదేగా."

"బస్సు దిగగానే హాస్టల్‌కి వెళ్దాం అంటోంది. అక్కడికి వెళ్ళకుండా ఇంట్లో అడుగు పెట్టనంటోంది. వార్డెన్ గారి చేతులు పట్టుకుని ఒక్క మాట చెప్పుకోవాలట. ఇన్నేళ్ళుగా ఆ మాటే కూడబెట్టుకుందట."

నాకు అర్థమైంది. దుప్పటి కొస వదిలేశాను. "చూడవే, ముందే చెప్తున్నా. వార్డెన్ వేషం నేను కట్టను. ఫోనులోనే ఆడని అబద్ధం, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆడమంటే నా వల్ల కాదు."

"నేను అబద్ధం ఆడమనలేదు."

"మరి?"

అది ఆ దుప్పటిని నాలుగు మడతలూ పెట్టి, అంచులు కలిశాయో లేదో చూసి, అప్పుడు అంది:

"నిజం మీరు చెప్పాలి. బస్టాండు నుంచి మొదలుపెట్టి మొత్తం. నేను ఆ గదిలో ఉండను, బయట షాపు మెట్టు మీద కూర్చుంటా. నేను చెబితే అమ్మ నా మొహం చూసి ఏడుస్తుంది, ఇక జన్మంతా ఏడుస్తూనే ఉంటుంది. మీరు చెబితే మీతో పోట్లాడుతుంది, నా బిడ్డను మూటల మీద పడుకోబెడతారా అని. పోట్లాడనివ్వండి అమ్మమ్మగారూ. మీరూ ఊరుకోకండి, మాటకు మాట అనండి. గొంతు పోయేదాకా అరవనివ్వండి. అరిచాక నన్ను పిలవండి."